పుణ్యవతి గారి కారు కూత

పుణ్యవతి గారి కారు మా వీధి మలుపు తిరగకముందే నాకు తెలిసిపోయేది. గీ... అని సన్నగా మొదలై, ఆవిడ యాక్సిలేటరు తొక్కే కొద్దీ పైకి లేచే కూత అది. ఆ కూత వినపడితే చాలు, మా ఆయన ధర్మలింగం చేతిలో ఏ పని ఉన్నా వదిలేసి, గుడ్డతో చేతులు తుడుచుకుని, చొక్కా గుండీలు పెట్టుకునేవాడు. లారీ కింద పడుకుని ఉన్నా లేచి వచ్చేవాడు. చూసి నాకు కడుపు మండిపోయేది. నేను కొత్తగా కాపరానికి వచ్చిన రోజుల్లో కూడా నా కోసం ఒక్క గుండీ పెట్టుకున్న పాపాన పోలేదు మహానుభావుడు.

మాది బరంపురంలో బడా బజార్‌కి పోయే దారిలో చిన్న గేరేజీ. ముందు రేకుల షెడ్డు, వెనక మా ఇల్లు, మధ్యలో ఒక గుమ్మం. ఆ గుమ్మంలో కూర్చునే నేను కూరలు తరుక్కుంటాను, బియ్యం ఏరుకుంటాను, వచ్చేపోయే బళ్ళని చూస్తాను. ఊళ్ళోకి అప్పుడప్పుడే మారుతీలు దిగుతున్నాయి. మా షెడ్డుకి మాత్రం పాత బళ్ళే వచ్చేవి. ధర్మలింగం నాకు స్వయానా మేనబావ. ఇచ్ఛాపురం దగ్గర పల్లె నుంచి పెళ్ళి చేసుకుని నన్ను ఇక్కడికి తెచ్చాడు.

పుణ్యవతి గారి సంగతి వేరు. బడా బజార్‌లో వలల దారం టోకుగా అమ్మే వైకుంఠరావు గారి కూతురావిడ. తండ్రి పక్షవాతంతో మంచాన పడ్డాక కొట్టు ఆవిడే చూసుకుంటోంది. తండ్రి పాత అంబాసిడర్‌ని డ్రైవరు లేకుండా తనే నడుపుతుంది. వెనక సీటు నిండా దారం కట్టలు వేసుకుని రామయ్యపట్నం వెళ్ళి జాలర్లకి ఇచ్చి వస్తుంది. పెళ్ళి కాలేదు. చేతికి గడియారం, కళ్ళకి నల్లద్దాలు. పైగా పేరులోనే పుణ్యం.

నా పేరు తవిటమ్మ. నా ముందు పుట్టినవాళ్ళెవరూ దక్కలేదని, నేను పుట్టగానే నన్ను పెంటకుప్ప మీద పడుకోబెట్టి, పొరుగావిడ ఎత్తుకుంటే, ఆవిడకి చేటెడు తవుడిచ్చి మళ్ళీ కొనుక్కుంది మా అమ్మ. అలా దక్కిన పేరు. తవుడికి కొన్నదానికి పుణ్యవతితో పోటీ ఏమిటని ఎవరైనా అనొచ్చు. పోటీ నేను పెట్టలేదు, మా ఆయన పెట్టాడు.

మొదటిసారి ఆ కారు వచ్చినప్పుడు కూతకి నిజంగానే కారణం ఉంది. బ్యాటరీకి కరెంటు ఎక్కించే డైనమోలో బేరింగు ఎండిపోయింది. ధర్మలింగం పొడుగాటి స్క్రూడ్రైవరు మొన డైనమో మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని విన్నాడు. డాక్టర్లు గొట్టం పెట్టి చూసినట్టు, బండి లోపలి చప్పుడు అలాగే వింటారు వీళ్ళు. విన్నవాడు ఊరుకోకుండా దాన్ని ఆవిడ చేతికిచ్చాడు. ఆవిడ కొంగు బొడ్లో దోపుకుని, వంగి, చెవి ఆనించి, "అవునండీ, లోపల ఇసక నలుగుతున్నట్టుంది" అంది.

"బాగా పట్టీసారమ్మగోరూ!" అని మురిసిపోయాడు ధర్మలింగం. ఇన్నేళ్ళలో ఆ స్క్రూడ్రైవరు నా చేతికి ఒక్కసారి ఇచ్చి, ఇదిగో విను అన్నవాడు కాదు.

బేరింగు మార్చాడు. కూత పోయింది. వెళ్తూ వెళ్తూ ఆవిడ, "వస్తానండీ ధర్మలింగం బాబూ" అంది.

తంటా అంతా అక్కడ వచ్చింది. మా వైపు బాబూ అంటే చిన్నపిల్లవాడికైనా చెల్లుతుంది గానీ, ఒరియావాళ్ళ ఊళ్ళో అది పెద్దమనిషి మాట. ప్లీడరు బాబు, హెడ్మాస్టరు బాబు. మా ఆయన్ని ఊరంతా "ఏ మిస్త్రీ" అనే కేకేస్తుంది. ఆ రోజు అన్నం తింటున్నంత సేపూ అదే పాట.

"ఇన్నావేటి తవిటీ, బాబూ అన్నాది."

"ఇన్నాన్లే. నీ సెవులు బాగానే పనిసేత్తన్నాయి. నోరు కూడా పనిసేత్తే పులుసులో ఉప్పు సరిపోయిందో నేదో సెప్పు" అన్నాను.

కొన్నాళ్ళకి ఆయిలు మార్పించడానికి వచ్చిందావిడ. అప్పుడు బండి నోరెత్తలేదు. ఆయిలు మార్చి పంపాడో లేదో, ఆ మర్నాటి నుంచి కూత మళ్ళీ మొదలైంది. "కొత్త బేరింగమ్మగోరూ, ఒదిగీదాకా కూస్తాది. వారం వారం తెచ్చి సూపించండి" అన్నాడు ధర్మలింగం. ఇక చూడండి. ఆవిడ రావడం, ఈయన స్టూలు వేసి దుమ్ము తుడవడం, యాలకులేసిన టీ తెప్పించడం. నాలుగు చుక్కలు నూనె డైనమోలో వెయ్యడం, చెవి పెట్టి వినడం, ఇంజను గాలి ఎలా పీలుస్తుందో, పెట్రోలు ఎలా అంటుకుంటుందో పురాణం విప్పడం. ఆవిడ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వినేది. కూత మాత్రం తగ్గేది కాదు.

ఎదురింటి నీలమ్మ ఊరుకుంటుందా? "ఏటే తవిటీ, ఆ కారు మీ షెడ్డుకి మరిగీసినాది. కుడితి గానీ పెడతన్నారేటి?" అంది. నవ్వేశాను గానీ, ఆ పూట అన్నం వడ్డిస్తూ ఊరుకోలేకపోయాను.

"ఆ కూత ఎప్పుడు తగ్గుతాది బావా?" అని అడిగాను.

"ఇంజను రోగం మనిషి రోగం లాటిదే. టయిం పడతాది."

"అయితే డాట్రుని మార్చాల."

కోపంగా చూసి వెళ్ళిపోయాడు. పొరుగింటి పుల్లకూర రుచి అని నన్ను నేను సముదాయించుకున్నాను. కుదరలేదు. నాకు ఆవిడంటే అసూయ. ఆవిడ కారు అంటే అసూయ. ఆవిడ వంగి చెవి పెట్టిన ఆ పాడు డైనమో అంటే కూడా అసూయే. నా మొగుడు చెయ్యి దాటిపోతాడేమో అన్న భయం గుండెల మీద కుంపటిలా ఉండేది.

ఒక రోజు ధర్మలింగం పొద్దున్న రైలుకి ఖల్లికోట వెళ్ళాడు, ఎవరిదో రైసుమిల్లు ఇంజను ఆగిపోయిందని. ఆయన అటు వెళ్ళాడో లేదో ఇటు కూత వినపడింది. పుణ్యవతి గారు దిగింది. ఈ రోజు చెడామడా దులిపెయ్యాలని చెంగు బిగించి లేచాను.

"ధర్మలింగం బాబు లేరాండీ?"

"నేరు. సాయంత్రం దాకా రారు."

ఆవిడ నల్లద్దాలు తీసి, నుదురు నొక్కుకుని, స్టూలు మీద కూలబడింది. "ఈ కూతతో తలనొప్పి వచ్చేస్తందండీ. మీరేటీ అనుకోకండి. మీ ఆయన మంచివారే. కానీ ఈ పని ఆయనకి రాదేమోనని నాన్నగారు అంటన్నారు. చూడ్డానికొచ్చిన బజారు వాళ్ళు నలుగురితో కూడా అన్నారు. నేనే మొహమాటపడి తెస్తన్నాను. ఆయన చెప్పే కబుర్లు వింటూ కూర్చుంటే నాకేమో కొట్టు తెరిచే వేళ దాటిపోతంది. ఈసారి ఇంకో గేరేజీకి తీసుకెళ్ళిపోతాను."

నిజం చెప్తున్నాను, ముందు నాకు పట్టలేనంత సంబరం వేసింది. ఆవిడ మనసులో ఏమీ లేదు. ఆ గడ్డం కింద చెయ్యి నిద్ర ఆపుకోవడానికన్నమాట! పులుసు పొయ్యి మీద పొంగుతున్నా కదలనంత హాయిగా ఉంది. ఆ వెనకే ఒళ్ళు మండింది. నా మొగుడికి పని రాదా? నలుగురితో ఆ మాట అంటారా? మా పల్లె నుంచి ఖాళీ చేతుల్తో వచ్చి ఈ షెడ్డు నిలబెట్టింది ఆ పని చూపించే కదా.

"బండి ఓపాలి స్టార్టు సెయ్యండి" అన్నాను.

"మీరా?"

"సెయ్యండి సెప్తాను."

బానెట్టు ఎత్తి, స్క్రూడ్రైవరు డైనమో మీద ఆనించి విన్నాను. ఇసక చప్పుడు లేదు, బేరింగు మెత్తగా తిరుగుతోంది. వాటర్ పంపు మీద పెట్టి విన్నాను. అదీ బాగానే ఉంది. మరి కూత ఎక్కణ్ణుంచి? ఇంజను ఆపమని, డైనమోనీ పంపునీ కలిపి తిప్పే ఫాన్ బెల్టుని బొటనవేలితో నొక్కాను. మధ్యలో నొక్కితే బొటనవేలంత లోపలికి పోవాలి. పోలేదు. కొత్తగా బిగించిన మంచం నవారులా ఉంది. డైనమోని పట్టి ఉంచే బోల్టు చూశాను. చుట్టూ ఉన్నవన్నీ మడ్డి పట్టి నల్లగా ఉన్నాయి. అదొక్కటే పానా పడి పడి తెల్లగా మెరుస్తోంది.

వారం వారం తడుముతున్నాడు గదా ఆ డైనమోని, ఆ చెవులకి ఇది తెలియదా? తెలిసే బిగించాడు. ఆవిడ రావాలని కూత తనే పెట్టాడు. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నాకు దొరికాడు, దొరక్కుండా ఉంటే బాగుండునని ఆ క్షణాన అనిపించింది. బండికి ఆనుకుని నిలబడ్డాను.

బానెట్టు మూసేశాను కూడా. పోనీ, ఇలాగే వెళ్ళనీ. ఆ బిగువుకి బేరింగు కాలిపోతుంది, లేదా బెల్టు తెగుతుంది. రామయ్యపట్నం దారిలో సరుగుడు తోటల మధ్య, మిట్టమధ్యాహ్నం, దారం కట్టలేసుకుని కూర్చుంటుంది నల్లద్దాలావిడ. ఆ బొమ్మ కళ్ళ ముందు ఎంత బాగుందో! కానీ బండి ఆగితే ఊరు ఆవిణ్ణి ఏమీ అనదు. ధర్మలింగం చేసిన పని ఇంతే అంటుంది.

మళ్ళీ బానెట్టు ఎత్తాను. పానా తెచ్చి బోల్టు వదులు చేసి, డైనమోని కాస్త లోపలికి నెట్టి, బెల్టు నొక్కి చూసుకుని, మళ్ళీ బిగించాను. ఈసారి స్టార్టు చేస్తే ఇంజను గుడగుడ తప్ప ఇంకే చప్పుడూ లేదు. ఆవిడ యాక్సిలేటరు గట్టిగా తొక్కి చూసింది. కూత లేదు.

"ఏటి చేశారండీ?" అంది నోరు తెరిచి.

"బెల్టు మరీ బిగువైపోయిందండి. ఆయన ఊళ్ళో నేనప్పుడు నానే తెలీక ఓపాలి పానా ఏసీసాను. ఆయన పన్లో తప్పు నేదు. మీ నాన్నగోరికి ఇలాగే సెప్పండి. ఆ బజారోళ్ళకీ సెప్పమనండి."

"మీరా? ఎందుకేసారండీ?"

"సేతులూరుకోక."

పుణ్యవతి గారు నన్ను ఎగాదిగా చూసింది. పిచ్చిదనుకుని ఉంటుంది. అనుకోనీ. "ఇంక వారం వారం రానక్కర్నేదు" అన్నాను. ఆవిడ దండం పెట్టినంత పని చేసి వెళ్ళిపోయింది.

పొద్దు వాలుతుండగా ధర్మలింగం వచ్చాడు. ఒళ్ళంతా ఊక, మొహం మీద మసి. కాళ్ళు కడుక్కుంటూనే, "ఎవురైనా వొచ్చారేటి?" అన్నాడు. ఏ బళ్ళొచ్చాయి అని అడగలేదు, ఎవరైనా అన్నాడు. ఆ ఎవరైనా ఎవరో నాకు తెలుసు. అన్నం పెట్టి ఎదురుగా కూర్చున్నాను.

"పుణ్యవతి గోరొచ్చారు. కూత పోయింది. బెల్టు వొదులు సేసి పంపీసాను."

దొంగకి తేలు కుట్టినట్టు అయిపోయాడు. ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"ఆవిడికి సెప్పీసేవా?"

"నానే బిగించానని సెప్పాను. నీ పేరు తియ్యనేదు. ఎందుకు సేసావు బావా?"

కంచంలోకి చూస్తూ, "తప్పుడు ఆలోసన నేదు తవిటీ, ఒట్టు. నాను సెప్పింది ఆవిడ ఇంటాది. ఈ ఊళ్ళో నా మాట ఇనీవోలు ఎవురున్నారు సెప్పు" అన్నాడు.

"ఇనడానికి నాను నేనా?"

"నువ్వా? నువ్వు కూర తరుక్కుంతా ఉంటావు."

ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. కోపమే ముందు నోటికొచ్చింది.

"తరుగుతా తరుగుతా ఇన్నాను! ఇనకపోతే బెల్టు ఎంత లొంగాలో నాకెవురు సెప్పారు? స్క్రూడ్రైవరు ఎక్కడెట్టి ఇనాలో ఎవురు సెప్పారు? పొద్దు గూకీసరికి అన్నం ముందర కూకుని నువ్వు సెప్పిన ప్రతి బండి సంగతీ నాకు గేపకం ఉన్నాది. ఊఁ కొట్టనేదని ఇననేదనుకున్నావు."

ధర్మలింగం తలెత్తి నన్ను చూశాడు. కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. ఇన్నాళ్ళకి నా వంతు వచ్చిందనుకున్నాను. ఏదో ఒక మంచి మాట అంటాడని, కనీసం బాగా పట్టీసావంటాడని ఎదురుచూస్తూ కూర్చున్నాను. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఆవిడ... ఎల్లీటప్పుడు నా గురించి ఏటైనా అన్నాదా?"

మాటలన్నీ నా నోట్లోనే ఉన్నాయి. నీకు పని రాదంది. మొహమాటానికి విన్నానంది. నీ కబుర్లతో కొట్టు వేళ దాటిపోతోందంది. ఒక్కటి వదిలితే చాలు, పుణ్యవతి అన్న పేరు మళ్ళీ ఈ ఇంట్లో వినపడదు. ఆ మసి మొహం నా వైపే చూస్తోంది, పరీక్ష తప్పానా ప్యాసయ్యానా అని అడిగే పిల్లాడిలా.

"నీ లాటి మిస్త్రీ ఈ బరంపురం మొత్తమ్మీద నేడన్నాది" అన్నాను.

ధర్మలింగం మొహం విప్పారింది. తల వంచుకుని, ముద్ద కలుపుతూ, తనలో తనే నవ్వుకున్నాడు. ఆ మాట పుట్టించింది నేను. చెప్పింది నా నోరు. అయినా ఆ నవ్వు ఆవిడకే వెళ్ళింది. కూత పెట్టుకుంటూ ఆవిడ కారు మా షెడ్డుకి వచ్చిన ఏ రోజునా నా కడుపు ఇంతలా మండలేదు. ఇంకో గరిటె పులుసు ఆయన కంచంలో పోసి, లోపలికి వెళ్ళిపోయాను.