వెనక అద్దం

నురగ ఈపాటికి ఎండిపోయి ఉంటుంది, ఎడమ చెంప మీద, చెవి దగ్గర్నించి గడ్డం కొస దాకా, ఎండితే చర్మం బిగుసుకుపోయి దురద పెడుతుంది, కడుక్కున్నాడో లేదో, కడుక్కోడు, వాడి సంగతి తనకి తెలీదా, అలిగితే మంచినీళ్ళు కూడా ముట్టని రకం, కానీ ఇది అలకేనా, అలకైతే ఎంత బాగుండును, ఒరేయ్ రారా అని భుజం మీద చెయ్యేసి ఒక టీ తాగిస్తే తీరిపోయే అలకలే ఇన్నాళ్ళూ చూశాడు, ఇది అది కాదు, అలిగినవాడు గుడ్డ విసిరికొట్టి పోతాడు, వీడు మెడకి కట్టిన గుడ్డ ముడి తనే విప్పుకుని, వెంట్రుకలు దులిపి, మడత పెట్టి మరీ కుర్చీ చేతి మీద పెట్టాడు, పెళ్ళాం తమ్ముడు, ఒక్కగానొక్క బావమరిది, సగం గీసిన గడ్డంతో లేచి నిలబడి, తిన్నగా కాకుండా అద్దంలోంచి చూస్తూ అన్నాడు, నాకప్పుడు పదమూడేళ్ళు బావా, నేనేం అదృష్టవంతుణ్ణి కాదు, అంతే, గట్టిగా కూడా అనలేదు, చిల్లర ఉందా అని అడిగినంత మామూలుగా అని, తలుపు చప్పుడు కాకుండా చేరవేసి వెళ్ళిపోయాడు, రేడియో చేతిలో కత్తి గాల్లో అలాగే ఉండిపోయింది, రేడియో అంటే తనే, సెలూన్ బోర్డు మీద అసలు పేరు ఎంత పెద్ద అక్షరాల్లో రాయించినా ఎవరూ చదవరు, పొద్దున షట్టర్ ఎత్తిన దగ్గర్నించి దించేదాకా నోరు మూయడని పెట్టిన పేరే మిగిలింది, ఆ రేడియోకి ఇవాళ నోట మాట రాలేదు, ఒరేయ్ ఆగరా అనడానికి కూడా.

అసలు ఆ టీవీ పెట్టకుండా ఉంటే పోయేది, పాటలు పెట్టమన్నాడు కూడా వాడు, వార్తలెందుకు బావా పొద్దున్నే అన్నాడు, తనే వినలేదు, నాలుగు గడుల్లో నలుగురు కూర్చుని అరుచుకుంటున్నారు, ఊళ్ళో ట్యూషన్ టీచరమ్మకి మూడేళ్ళ శిక్ష పడిందని, పదమూడేళ్ళ కుర్రాడి విషయంలో, పోయిన నెలేగా ఇలాంటి కేసులోనే ఒక ట్యూషన్ మాస్టారికి ఇరవయ్యేళ్ళు వేశారు, బల్ల మీద పేపరు చదువుతున్న రిటైర్డ్ గుమాస్తా వెంటనే అందుకున్నాడు, చూశావటయ్యా రేడియో, మగాడైతే ఇరవై, ఆడదైతే మూడు, ఇల్లూ సంసారం ఉన్నాయని జాలి చూపించారట, పిల్లాడు ఎదురు తిరగలేదని కూడా రాశారట, మాస్టారికి మాత్రం లేవూ సంసారాలు, చట్టాలన్నీ వాళ్ళకే రాశారు, మనం ఎందుకూ పనికిరాం, అవును సార్ బాగా చెప్పారు అని తను కత్తిలో కొత్త బ్లేడు పెడుతూ అన్నాడు, నిజంగానే కోపం వచ్చింది, న్యాయం అంటే అందరికీ ఒక్కటే ఉండాలా వద్దా అని గొంతు కూడా పెంచాడు, ఆ గొంతు ఇంకా దిగనే లేదు, ఫ్యాన్ల మెకానిక్ తన వంతు కోసం కూర్చున్నవాడు, అయినా ఆ కుర్రాడికి పోయిందేముంది గురువుగారూ, పంట పండింది వెధవకి అన్నాడు, గుమాస్తా నవ్వాడు, ఇంత దాకా చట్టాన్ని చీల్చి చెండాడిన గుమాస్తానే పళ్ళ సెట్టు కదిలేలా నవ్వాడు, ఇంకొకడి మాటకి సెలూన్ నవ్వితే తనకి నిద్ర పడుతుందా, పై మాట తనది కావాలి, మనకెక్కడివండీ ఆ రాతలు, మా ట్యూషన్ మాస్టారికి ఇంతేసి మీసాలుండేవి అన్నాడు, మళ్ళీ నవ్వులు, అక్కడితో ఊరుకున్నా సరిపోయేది, ఊరుకోలేదు, చేతి కింద ఉన్న గడ్డాన్ని కొంచెం పైకెత్తి, ఏరా, నువ్వూ ఆవిడ దగ్గరేగా చదివావు, అదృష్టవంతుడివిరా, మాకు ఒక్క ముక్కైనా చెప్పలేదే అన్నాడు, అప్పుడు, అప్పుడే కదా వేళ్ళ కింద వాడి గొంతు ముడి పైకి వెళ్ళి కిందికి దిగకుండా ఆగింది, తను ఏమన్నాడూ, బిగబట్టకురా తెగుతుంది అన్నాడు.

పొద్దున వాడు లోపలికి వస్తూనే అన్న మాట ఇప్పుడు గుర్తొస్తోంది, బావా, రేపు నువ్వు నాతో ఒక చోటికి రావాలి, గడ్డం అయ్యాక చెబుతా, వాడి అద్దాల కొట్టుకి ఏదో గాజు బేరానికి తోడు రమ్మంటున్నాడనుకుని అలాగేలేరా అన్నాడు, టీవీలో అడుగున పాకుతున్న అక్షరాలు ఇప్పుడు కళ్ళకి ఆనుతున్నాయి, ఆ టీచరు దగ్గర చదివినవాళ్ళలో ఇంకెవరికైనా ఇలా జరిగి ఉంటే వచ్చి చెప్పండని పోలీసులు అడుగుతున్నారు, అక్కడికే, రేపు రమ్మన్నది అక్కడికే, ఇన్నేళ్ళకి ఒక మనిషిని ఎంచుకుని అడుగుదామని వస్తే ఆ మనిషి చేసిన నిర్వాకం ఇదీ, మెకానిక్ ఇంకా కూర్చునే ఉన్నాడు, నేనేదో సరదాకి అన్నాను గురువుగారూ అని గొణుగుతున్నాడు, గుమాస్తా పేపరు మడిచి చంకలో పెట్టుకుని మళ్ళీ వస్తానయ్యా అని జారుకున్నాడు, తను టీవీ ఆపేశాడు, ఫోను తీశాడు, కాలనీ వాట్సాప్ గ్రూపులో, రాత్రి ఈ తీర్పు సంగతి తెలియగానే తనే పెట్టిన మాట, మా రోజుల్లో ఇలాంటి టీచర్లుంటే నేనూ డిగ్రీ పాసయ్యేవాణ్ణి అని, పక్కన కళ్ళనీళ్ళు కారేలా నవ్వే బొమ్మలు మూడు, కింద జనం పెట్టిన బొమ్మలకి లెక్కే లేదు, ఎంత మురిసిపోయాడు వాటిని చూసుకుని, తీసేశాడు, తీసేసినా ఇక్కడ ఏదో ఉండేది తీసేశారు అని మచ్చలాగా ఒకటి మిగిలింది, తీసేముందు ఎవరెవరు చూశారో చూడకపోయినా బాగుండేది, వాడి పేరుంది అందులో, వాడు రాత్రే చదివాడు, చదివి కూడా పొద్దున వచ్చాడు, బావ నోరు అంతేలే, మనసు అది కాదులే అనుకుని వచ్చి ఉంటాడు.

వెనక అద్దం వాడే బిగించాడు, గాజు కొట్టు వాడిది, సెలూన్ తెరిచిన కొత్తలో అద్దాలన్నీ వాడే కోసి తెచ్చాడు, ముందు గోడకి మూడు చాలురా అంటే కాదు బావా వెనక కూడా ఒకటుండాలి, జనం వెనక క్రాపు చూసుకుంటారు అన్నాడు, కానీ బిగించింది వంకరగా, కొంచెం పక్కకి తిప్పి, ఏంట్రా ఇది, అద్దాల కొట్టువాడివై ఉండి తిన్నగా పెట్టడం రాలేదా అని ఎన్నేళ్ళు ఏడిపించాడు, వచ్చే పోయే వాళ్ళకి చూపించి మరీ, వాడు నవ్వి ఊరుకునేవాడు, సరిచెయ్యనిచ్చేవాడు మాత్రం కాదు, ఇప్పుడు తను వెళ్ళి వాడెప్పుడూ కూర్చునే మొదటి కుర్చీలో కూర్చున్నాడు, మెకానిక్ వింతగా చూస్తున్నా సరే, పాతికేళ్ళలో ఒక్కసారైనా అందులో కూర్చోలేదు, ఎందుకు కూర్చుంటాడు, కూర్చుంటే తెలిసింది, ఎదుటి అద్దంలో వెనక అద్దం, అందులో తలుపు, తలుపు నించి కుర్చీ దాకా వచ్చే దారి, వెనక ఎవరు నిలబడినా వాళ్ళ చేతులు, అంతా కనిపిస్తుంది, ఆ ఒక్క కుర్చీలోంచే, వాడు ఆ కుర్చీ ఖాళీ లేకపోతే ఎంతసేపైనా బయట నిలబడేవాడు, మహారాజావారి సింహాసనం అని దానికీ ఒక జోకు వేశాడు తను, క్రాపు అయ్యాక అందరికీ చేసినట్టే మెడ పట్టి నొక్కబోతే చేప జారినట్టు జారిపోయేవాడు, వద్దు బావా, డబ్బులడగనురా ఊరికేనే, వద్దు బావా, ఏంట్రా కొత్త పెళ్ళికూతురిలా ముడుచుకుంటావు అని, ఛీ, మనిషి తల చేతిలో పెడితే వాడి నిద్ర, వాడి దిగులు, వాడి తాగుడు అన్నీ చెప్పేస్తానని గొప్పలు పోయాడే, పాతికేళ్ళు అదే మెడ చేతిలో ఉంది, ఏం తెలిసింది.

ఫోను మోగింది, ఇంటావిడ, తమ్ముడు ఫోనెత్తట్లేదండీ, మరదలు చేసింది, సగం గడ్డంతో కొట్లో కూర్చున్నాడట, ఏం చేశారు మీరు వాణ్ణి, ఏం చెప్పాలి, అది వాడి మాట, వాడు చెప్పుకోవలసింది, తన నోట్లో పెట్టుకోవడానికి లేదు, కత్తి సరిగా తెగలేదు, వెళ్తున్నాను అన్నాడు, మీరు ఇంత తక్కువ మాట్లాడారంటే పెద్దదే ఏదో జరిగింది, నాకేం చెప్పొద్దు, ముందు వెళ్ళండి అని పెట్టేసింది, మెకానిక్‌ని పంపించి, పెట్టెలో నురగ బ్రష్షూ కత్తీ సర్దుకుని, షట్టర్ సగం దించి నడుస్తున్నాడు, ఎండ నెత్తిన మొత్తుతోంది, నడుస్తుంటే ఇంకొకటి గుర్తొచ్చింది, ఆ మధ్య ఒక ఆడపిల్లకి అన్యాయం జరిగిందని టీవీలో వచ్చిన రోజు, తను కత్తి బల్ల మీద కొట్టి ఉరి తియ్యాలి అలాంటివాణ్ణి అని అరిచాడు, ఇదే గుమాస్తా అయినా ఆ వేళప్పుడు ఆ పిల్ల బయటికెందుకు వెళ్ళిందయ్యా అన్నాడు, ఖాతాదారు కదా అని దానికీ ఊ కొట్టాడు తను, ఆడపిల్లయితే ఎందుకెళ్ళావని అడగడం, మగపిల్లాడయితే పెట్టి పుట్టావురా అనడం, ఇక ఎవరొచ్చి చెబుతారు, పదమూడేళ్ళంటే తన మనవడికి ఇంకో రెండేళ్ళు, ఇప్పటికీ చెప్పులు కుడిఎడమలు చూసుకోకుండా తొడుక్కునే మనవడికి, కళ్ళ ముందు ఆ మనవడు నిలబడేసరికి మందుల షాపు ముందు ఆగిపోయాడు, లోపల మనిషి ఏం కావాలి రేడియో అని కేకేస్తే ఏమీ వద్దని చెయ్యి ఊపి కదిలాడు.

గాజు కొట్లో గోడ నిండా అద్దాలు, అడుగు పెట్టగానే పదిమంది రేడియోలు, పదిమంది చేతుల్లోనూ అదే పెట్టె, అందరివీ వెర్రిమొహాలే, బావమరిది కోత బల్ల దగ్గర కూర్చుని ఒక గాజు ముక్క అంచుని రాయితో అరగదీస్తున్నాడు, నురగ ఎండి సున్నంలా పెళుసుకట్టింది, తలెత్తలేదు, అక్క పంపిందా అన్నాడు, లేదురా నేనే వచ్చాను, అక్కకి చెప్పావా, చెప్పలేదు, నీకు కడుపు ఉబ్బిపోలేదూ చెప్పకుండా, అంటే నవ్వడానికి ప్రయత్నించాడన్న మాట, అది ఇంకా కష్టంగా ఉంది, నడుస్తూ పోగుచేసుకున్న మాటలన్నీ, నాకు తెలీదురా, తెలిస్తే అననురా, అవన్నీ నాలుక మీదే ఎండిపోయాయి, ఎందుకంటే తెలియకపోవడమా తప్పు, ఎవరో తెలియని కుర్రాడైతే నవ్వచ్చా, తప్పయిందిరా అన్నాడు, వాడు రాయి ఆపాడు, నువ్వు నవ్వావని కాదు బావా, రేపు అక్కడ వాళ్ళూ నవ్వుతారేమో అనిపించింది, రాసుకునే మనిషి నవ్వు ఆపుకుంటూ రాసుకుంటాడేమో అని, నీ దగ్గరే ఇలా ఉంటే, అని ఆపేశాడు, తను బ్రష్షు తీసి తడుపుతూ, ముందు నించి నిలబడి గీస్తానురా, వెనక్కి రాను అన్నాడు, వాడు చటుక్కున తలెత్తి చూశాడు, ఆ చూపులో ఏముందో, కుర్చీలో కూర్చున్నావా అని అడిగాడు, కూర్చున్నాను, చూశాను, అన్నాడు, వాడు గాజు ముక్క బల్ల మీద పెట్టి, చెయ్యి చాచి, కత్తి ఇలా ఇవ్వు, నేను గీసుకుంటాను, నువ్వు అద్దం పట్టుకో అన్నాడు.

పట్టుకున్నాడు, మోచేతులు బల్లకి ఆనించి పట్టుకున్నాడు, అద్దం మొహం వాడి వైపు, తనకి కనిపించేది దాని వీపు, రంగు పూసిన మొద్దు వీపు, దాని మీద నించి వాడి కళ్ళు, ఇన్నేళ్ళూ అద్దంలో తన మొహమే చూసుకుంటూ మాట్లాడాడు కాబోలు, కత్తి చెంప మీద కరకరమంటోంది, వంకరగా గీస్తున్నాడు, చెవి కింద కొంచెం వదిలేశాడు, నోటి చివరిదాకా వచ్చింది అక్కడ వదిలేశావురా అని, మింగాడు, రేపు వస్తానురా, నువ్వు రమ్మంటేనే, వచ్చి నోరెత్తను, పక్కన కూర్చుంటాను అన్నాడు, వాడు గడ్డం తుడుచుకుంటూ చెవి కింద తడుముకుని మిగిలిపోయింది చూసుకుని, అదీ గీసి, అప్పుడన్నాడు, అయితే రేపు సెలూన్ తెరవకు బావా, ఆ మాట అని మళ్ళీ గాజు ముక్క అందుకున్నాడు, తను అద్దం దించలేదు ఇంకా, మూడేళ్ళేనా, ఎంత అన్యాయం అని పొద్దున అరిచిన మనిషికి ఇప్పుడర్థమైంది ఆ మూడు ఎక్కడినించి వచ్చిందో, ఆ జడ్జి కూడా ఎక్కడో ఒక చోట గడ్డం గీయించుకునే ఉంటాడు, ఇలాంటి కుర్చీలోనే, ఇలాంటి నవ్వులు వింటూనే, కోర్టులో తీర్పు చదవకముందే ఆ పిల్లాడికి పోయిందేమీ లేదని తీర్పు చెప్పేసింది తనే, చేతిలో కత్తి పట్టుకుని, ఒక పదమూడేళ్ళవాడి గొంతు మీద వేళ్ళు పెట్టి.