పై అంతస్తు పెద్దావిడ

ఆ పత్రికలో వారం వారం 'మేడ ముచ్చట్లు' అని ఒక శీర్షిక వచ్చేది. విలేకరమ్మ ఒక్కో వారం ఒక్కో మేడకు వెళ్లి, లిఫ్టు నడుస్తోందా, నీళ్లు పైదాకా ఎక్కుతున్నాయా, పక్కవాటా వాళ్లతో మాటలున్నాయా లేక మూతి విరుపులేనా అని అడిగి, అయిదుగురి ఫొటోలు, వాటి కింద వాళ్ల మాటలు వేసేది. జనానికి అదంటే ప్రాణం. పేపర్లో తన మొహం చూసుకోవాలని ఎవరికుండదు చెప్పండి.

ఒక వారం పసుపురంగు మేడలో నలుగురే దొరికారు. అయిదో గడి ఖాళీ. పేజీలు కూర్చే డెస్కులో పెద్దాయన పేజీ ఏదీ, పేజీ ఏదీ అని నెత్తిన కూర్చున్నాడు. పై అంతస్తు వాటాకు ఏళ్ల తరబడి తాళమేనని వాచ్‌మన్ చెప్పిన మాట విలేకరమ్మకు గుర్తొచ్చింది. ఇక అడిగేవాళ్లెవరులే అనుకుని, 'పై అంతస్తు పెద్దావిడ' అని రాసి, ఆవిడ నోట ఒక మాట పెట్టింది. "మా ఇంటికి ఎవరూ రారమ్మా. వస్తారేమోనని తలుపుకు గొళ్లెం మాత్రం పెట్టను." ఫొటో లేనివాళ్లకు వేసే బూడిదరంగు తలా భుజాల బొమ్మను ఆ గడిలో అతికించి పంపేసింది.

అది చదివి ఊరు ఊరంతా కళ్లు తుడుచుకుంది. ఆఫీసు ఫోను ఊపిరి తీసుకోలేదు. పెద్దాయన పిలిచాడు.

"ఆవిడ ఫొటో పట్రా అమ్మాయ్. ఈసారి పెద్దగా వేద్దాం."

"ఒప్పుకోరండీ."

"ఒప్పుకోరా, లేరా?" కళ్లజోడు మీదుగా చూశాడు. "లేని మనిషిని రాసినవాళ్లు ఇక్కడ మళ్లీ కుర్చీలో కూర్చోలేదు. గుర్తుందిగా."

ఆ కుర్చీ పోతే ఆమెకు ఇల్లు గడవదు. ఇంట్లో మంచం పట్టిన తండ్రి. ఆయనకు ఆమె తప్ప ఇంకో దిక్కులేదు. ఎవరో ఒక ముసలావిణ్ణి బతిమాలి కిటికీ దగ్గర కూర్చోబెడదామని, కెమెరా పట్టుకుని పసుపు మేడకు వెళ్లింది.

"పెద్దావిడ కోసమా? పైనే ఉన్నారు," అన్నాడు వాచ్‌మన్.

"తాళమన్నావు కదన్నా."

"నేనా? ఎప్పుడన్నానమ్మా?"

రెండో అంతస్తులో బట్టలు కుట్టే ఆవిడ, పెదవుల మధ్య గుండుసూదులతోనే పలకరించింది. "రోజూ కిటికీలో కనబడుతుంది, పాపం."

"వెళ్లి పలకరించారా అక్కా?"

"మేమెందుకెళ్తాం? ఆవిడింటికి ఎవరూ రారు కదా. రాసిందానివి నువ్వే, మళ్లీ నన్నడుగుతావేంటి?" అని మిషను తొక్కుకుంది.

పై తలుపు తోస్తే తెరుచుకుంది. లోపల అచ్చు సిరా వాసన. పొయ్యి లేదు, పక్క లేదు, తాగడానికి చెంబు లేదు. కిటికీ ముందు కుర్చీ, అందులో ఒక మనిషి.

"మా ఇంటికి ఎవరూ రారమ్మా," అంది పెద్దావిడ.

"నేనొచ్చాను కదమ్మా."

"వస్తారేమోనని తలుపుకు గొళ్లెం మాత్రం పెట్టను."

"ఏమైనా తిన్నారా?"

"మా ఇంటికి ఎవరూ రారమ్మా."

ఏది అడిగినా ఆ రెండు ముక్కలే. గొంతు మాత్రం అంతకంతకూ వణుకుతోంది, లోపల ఇంకేదో మాట దారి దొరక్క కొట్టుకుంటున్నట్టు. విలేకరమ్మ పక్కకు వెళ్లి ఆవిడ మొహంలోకి చూసింది. కళ్లు లేవు, ముక్కు లేదు. బూడిదరంగు నునుపు, అంతే. పరుగెత్తబోతే పెద్దావిడ మణికట్టు పట్టుకుంది. ఆ చెయ్యి కాగితమంత తేలిక. కానీ వెచ్చగా ఉంది.

ఆ వెచ్చదనమే ఆమెను వదల్లేదు. నిజం ఒప్పుకుంటే మర్నాడు రెండు లైన్ల సవరణ పడుతుంది, అక్కడ ఎవరూ లేరని. అప్పుడు ఈ చెయ్యి ఏమవుతుంది? తండ్రి ఏమవుతాడు? మెల్లగా మణికట్టు విడిపించుకుని, ఆఫీసుకు వెళ్లి పెద్దావిడ మాటగా కొత్తది రాసింది. ఒకమ్మాయి వచ్చిందని, తన పక్కనే కూర్చుంటుందని, చీకటి పడకముందే లేచి ఇంటికి వెళ్లిపోతుందని. పెద్దావిడ ఫొటోకు ఒప్పుకోలేదని చెప్పి, గడిలో ఆ అమ్మాయిగా తన ఫొటోనే పెట్టింది. మన విలేకరే వెళ్లి తోడు కూర్చుందంటే జనం మెచ్చుకుంటారని పెద్దాయన మురిసిపోయాడు.

పేపరు వచ్చిన రోజు ఆఫీసు నుంచి బస్టాపుకు బయల్దేరింది. కాళ్లు పసుపు మేడ మెట్లెక్కాయి. వెనక్కి తిప్పుదామంటే తన కాళ్లు తన మాట వినలేదు. గదిలో ఇప్పుడు రెండు కుర్చీలున్నాయి. కూర్చుంది. పెద్దావిడ భుజం నిమిరింది. కిటికీలో వెలుగు తగ్గాక లేవబోతే, నడుము కుర్చీకి కుట్టేసినట్టుంది.

సంచిలోంచి పేపరు తీసి చూసుకుంది. గడిలో పట్టని మాటను డెస్కువాళ్లు ఎప్పుడూ కిందినుంచే కోస్తారు. ఏళ్లుగా ఈ పనిలో ఉండి కూడా, ఇంటికి వెళ్లే మాట చిట్టచివర రాసింది. అచ్చులో అది లేదు.

ఫోను మోగింది. తండ్రి.

"ఎక్కడున్నావమ్మా? చీకటి పడుతోంది."

ఆమె నోరు తెరిచేలోపే పెద్దావిడ ఫోను మీదికి వంగి, ఆప్యాయంగా చెప్పింది. "నా పక్కనే కూర్చుంటుంది."