యబ్బేజు అనే పేరు ఎవరిది

తిబెరియ ఊళ్ళో నాకున్న పేరు ఇంకెవరికీ లేదు. యబ్బేజు. మంగలి షాపు నడుపుకునేవాడికి ఇంత అరుదైన పేరు అవసరమా అంటే, నా మటుకు నాకు అవసరమే. మెడకు గుడ్డ కట్టించుకుని కుర్చీలో కూర్చున్న మనిషి ఎక్కడికీ పారిపోలేడు కదా, వాడికి నా పేరు చరిత్రంతా వినిపించేవాణ్ణి. మా యూదుల పాత గ్రంథంలో ఎవరు ఎవరిని కన్నారనే పొడవాటి వరసల మధ్య, హఠాత్తుగా ఒక మనిషి దగ్గర ఆగి, ఇతడు తన అన్నదమ్ములందరికంటే ఘనుడని రాశారు. ఆ ఘనుడే యబ్బేజు. ఇక్కడికి వచ్చేసరికి నేను అద్దంలో నన్ను చూసుకునేవాణ్ణి. పేరుకు అర్థమేమిటని ఎవరైనా అడిగితే మాత్రం, మీసం ఉంచాలా తీయాలా అంటూ మాట మార్చేవాణ్ణి. అర్థం వేదన. పురిటిలో నరకం చూసిన తల్లి పెట్టిన పేరది. అంత ఘనత ముందు అదో చిన్న విషయమని నా ఉద్దేశం.

మా అబ్బాయి షబ్తాయికి కొడుకు పుట్టాడని తెలిసిన రోజే కొత్త సూటు కుట్టడానికిచ్చాను. మావాళ్ళలో మొదటి మనవడికి తాత పేరే పెడతారు. తాత బతికుండి చూసుకుని మురిసిపోవాలి. కానీ మా కోడలు తిర్సా వాళ్ళది పోలండు నుంచి వచ్చిన యూదు కుటుంబం. వాళ్ళ లెక్కలో బతికున్నవాళ్ళ పేరు పెట్టడమంటే ఆ మనిషికి పాడె కట్టడమే. ఆ సంగతి చెప్పడానికి వియ్యపురాలు ఫ్రీదా పనిగట్టుకుని మా ఇంటికొచ్చింది.

"అన్నయ్యగారూ, ఒకే పేరుతో ఇద్దరుంటే మృత్యుదూత పొరబడతాడు. మీకు బతకాలని లేదా?"

"పొరబడితే పడనివ్వండి వదినగారూ. బతికింది చాల్లెండి."

"ఈ మాటలకేం తక్కువ లేదు," అంది నా భార్య ఫోర్తూనా. "జలుబు చేస్తేనే ముగ్గురు డాక్టర్లను పిలిపిస్తాడు."

సున్నతి నాటిదాకా పేరు బయటపెట్టకూడదు. ఆ వారమంతా షబ్తాయి చుట్టూ తిరిగాను. "చెప్పకూడదు నాన్నా" అనడమే తప్ప వాడి నోట్లోంచి ముక్క రాల్లేదు. షాపు అద్దం ముందు రెండు ముఖాలు సాధన చేశాను. ఒకటి నా పేరు పెడితే పెట్టాల్సినది, ఇంకొకటి పెట్టకపోతే పెట్టాల్సినది. రెండోది ఎంత ప్రయత్నించినా కుదరలేదు.

ఎనిమిదో రోజు పిల్లవాణ్ణి ఒడిలో పట్టుకునే గౌరవం నాకే ఇచ్చారు. కోత అయింది, వాడు గుక్కపట్టాడు. సున్నతి చేసిన పెద్దాయన పేరేమిటని అడిగితే షబ్తాయి ఆయన చెవిలో చెప్పాడు.

"యబ్బేజు!" అని ఆయన గట్టిగా పలికాడు.

నేను వాడికంటే గట్టిగా ఏడ్చాను. కళ్ళు తుడుచుకుంటూ పిల్లవాణ్ణి పక్కగదిలో ఉన్న తల్లి దగ్గరికి తీసుకెళ్ళాను. తిర్సా దిండ్లకు ఆనుకుని కూర్చుంది. ముఖం ఇంకా పాలిపోయే ఉంది.

"నా పేరు నిలబెట్టావు తల్లీ!"

"మీ పేరు కాదు మామయ్యా."

"అదేంటమ్మా?"

"కాన్పులో ఇక పోతాననే అనుకున్నా. మీరు దాటేసే ముక్క ఉంది చూడండి, ఆ తల్లి సంగతి, అది మీ అబ్బాయి చెప్పాడు. ఆవిడ తను పడ్డదంతా ఎవరూ మర్చిపోకుండా పేరులో పెట్టేసింది. నేనూ పెడతానన్నా. మీకోసమైతే అమ్మ ఒప్పుకునేది కాదు. నాకోసమంటే ఒప్పుకుంది. పేరు మీది కాదు, పాత గ్రంథంలో వాడిది గనక మీ ప్రాణానికేం భయం లేదు."

మంచం పక్కనే ఉన్న ఫ్రీదా తలూపింది. ఫోర్తూనా ముఖం అటు తిప్పుకుని నవ్వింది. షాపు అద్దం ముందు కుదరని ఆ రెండో ముఖం నాకు అప్పుడు దానంతటదే కుదిరింది. లేదంటే అబద్ధమవుతుంది.

హాల్లోకి వస్తే, అరక్ సారా గ్లాసులు పట్టుకుని అందరూ నాకు చేయి కలపడానికి వరస కట్టి ఉన్నారు. "నీ పేరు నిలిచిందయ్యా!" అంటున్నారు. నోరు మూసుకుంటే సరిపోయేది, ఎవరికీ తెలిసేది కాదు.

"నాది కాదు, వాళ్ళమ్మది," అన్నాను. "ఆ గదిలో ఉంది. వెళ్ళి ఆ పిల్లకు చెప్పండి."

వరస మొత్తం అటు మళ్ళింది. చేసేదేం లేక నేనూ వెళ్ళి చివర నిలబడ్డాను. నా వంతు వచ్చింది.

"చాలా నొప్పేసిందా అమ్మా?" అన్నాను. నన్ను కన్నతల్లిని ఏనాడూ అడగని మాట అది.