కత్తిపీట నిలిచే నేల

ఇంటికి గోడలు లేచాయి, తలుపులు పడ్డాయి, రంగు కూడా ఒక చెయ్యి పడింది. నేల మాత్రం వట్టి కాంక్రీటుగానే ఉండిపోయింది. టైల్స్ కొనాల్సిన వారంలోనే దుర్గారావు ఆసుపత్రిలో చేరాడు. ఆ తర్వాత పెందుర్తిలోని ఆ ఇంటి తాళం ఎవరూ తీయలేదు.

సంవత్సరీకం వెళ్ళాక అతని భార్య అనూరాధ తాళం తీసింది. ఆమె హైస్కూల్లో లెక్కల టీచరు. టేపు పట్టుకుని, సుద్దముక్కలతో గది గదికీ సామాను గీసుకుంటూ వెళ్ళింది. హాల్లో సోఫా, దాని చుట్టూ మనిషి నడిచే దారి. తన గదిలో మంచం, బీరువా, బీరువా తలుపు పూర్తిగా తెరుచుకునేంత చోటు. ఇన్నాళ్ళూ వాళ్ళు పోర్టు పక్కన అద్దెకున్నారు. అక్కడి ఉప్పుగాలికి ఇనప మంచం కాళ్ళు పెచ్చులూడేవి. సోఫా చెక్కడాల సందుల్లో నల్లటి నుసి చేరి ఏ గుడ్డకూ అందేది కాదు. అందుకని ఈసారి అన్నీ చెక్కవి, చెక్కడాల్లేనివి, కింద చీపురు దూరేంత ఎత్తున్నవి కొనాలని నిశ్చయించుకుంది. ఏ గదికి ఏది నప్పుతుందో ఆమెకు బాగా తెలుసు. ఎవరినీ సలహా అడగలేదు.

ఒక్క గది దగ్గరే సుద్దముక్క ఆగింది. అది అత్త చిట్టమ్మ గది.

పెళ్ళయిన నాటి నుంచి చిట్టమ్మ వాళ్ళతోనే ఉండేది. హార్బరులో చేపలమ్మి కొడుకుల్ని పెంచిన మనిషి. పెద్దకొడుకు దినాలయ్యాక భీమిలిలో ఉండే చిన్నకొడుకు తిరుమలరావు ఇంటికి వెళ్ళింది, అక్కడే ఉండిపోయింది. కొడుకే లేనప్పుడు పిల్లాజెల్లా లేని కోడలి దగ్గర ఆవిడకేం పని అని చుట్టాలంతా తీర్మానించేశారు. చిట్టమ్మ అవుననలేదు, కాదనలేదు. అనూరాధ ఫోన్ చేసినప్పుడల్లా "వత్తాన్లేమ్మా" అనేది. రాలేదు.

నేల పడేలోగా ఆ సంగతి తేల్చుకోవాలని అనూరాధ అనుకుంది. అత్త ఉండే ఇల్లు వేరు, ఒక్కర్తీ ఉండే ఇల్లు వేరు. రెండింటికీ ఒకే నేల పనికిరాదు.

ఆదివారం తిరుమలరావు తల్లిని బండి మీద ఎక్కించుకుని వచ్చాడు. చిట్టమ్మ చేతిలో కానాగంత చేపల సంచి, భుజానికి ఇంకో గుడ్డసంచి. అందులో కత్తిపీట ఉందని అనూరాధకు చూడకుండానే తెలుసు. చుట్టాలింటికి వెళ్ళినా సరే, చిట్టమ్మ ఇంకొకరి కత్తిపీట ముట్టుకోదు.

"ఇదేటే, ఇల్లంతా ముగ్గులెట్టీసేవు?" గుమ్మంలోనే నిలబడిపోయింది చిట్టమ్మ.

"ముగ్గులు కాదత్తా, సామాను. ఇది టీవీ, అది సోఫా. నువ్వు సోఫా మీదే నిలబడ్డావు."

చిట్టమ్మ గబుక్కున పక్కకి గెంతింది. "ఓలమ్మ! కొనకముందే తొక్కీసేను."

తిరుమలరావు సుద్దగీతల మధ్య బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. "వదినా, టీ అట్టుకురండి. సోఫా మెత్తగుంది."

"లెగరా, సోకులు సాలు గాని," అని తల్లి అతని నెత్తిన మొట్టింది.

అనూరాధ అత్తని తూర్పు గదిలోకి తీసుకెళ్ళింది. "ఇది నీ గది. మంచం ఎటు తిప్పాలో చెబితే గీసేస్తాను."

"నాకెందుకమ్మా గది? వచ్చినప్పుడు ఏ మూలో పడుకుంతాను."

వచ్చినప్పుడు. ఆ మాట అనూరాధ విన్నది. మొహంలో ఏమీ కనిపించనివ్వలేదు.

"కిటికీ వైపా, గోడ వైపా?"

"నీ ఇట్టం."

"బట్టల అల్మారా ఎక్కడ పెట్టిద్దాం?"

"నీ ఇట్టమమ్మా. నీ ఇల్లు."

అద్దింట్లో నీళ్ళబిందె ఏ మూల పెట్టాలన్న దాని మీద రోజుల తరబడి పేచీ పెట్టిన మనిషి. గోడకి మేకు కొట్టినా ముందు తనకి చెప్పాలనే మనిషి. అలాంటి మనిషి కొత్తింట్లో దేనికీ అడ్డు చెప్పకుండా, చుట్టపుచూపుగా వచ్చినట్టు కొంగు సర్దుకుంటూ తిరుగుతోంది. అనూరాధ సుద్దముక్క కిటికీలో పెట్టేసి వంటింటి వైపు నడిచింది.

వంటింట్లో అనూరాధ ఎత్తుగా కట్టించిన గ్రానైటు గట్టు ఉంది. "ఇక చేపలు నిలబడే కొయ్యొచ్చత్తా. నడుం పట్టెయ్యదు."

"నిలబడి కోసీది కూరగాయలే," అంది చిట్టమ్మ. "సేపని నిలబడి కోత్తే అది మనల్ని సూసి నవ్వుతాది."

గట్టు వైపు ఇంకోసారి చూడకుండా కాంక్రీటు నేల మీద చతికిలబడింది. కత్తిపీట తీసి, పీట మీద కుడిపాదం వేసి తొక్కిపట్టింది. రెండు చేతులతో చేపని పట్టుకుని కత్తికి ఆనించి లాగుతోంది. చేతిలో చేపలు మారుతున్నాయి, నీళ్ళు పారుతున్నాయి, పీట మాత్రం ఇసుమంతైనా కదల్లేదు. కోస్తున్నంతసేపూ చిట్టమ్మ మళ్ళీ పాత చిట్టమ్మలా ఉంది. భీమిలి రేవులో ఎవరెవరు ఏమన్నారో చెబుతూ, చిన్నకోడలు కారం తక్కువేస్తుందని దెప్పుతూ, చేపలకన్నా వేగంగా మాటలు కోసింది.

పనివాళ్ళు వదిలేసిన చిన్న స్టౌ మీద పులుసు ఉడికింది. భోజనాలయ్యాక తిరుమలరావు మూల నుంచి ఒక టైలు మోసుకొచ్చి గోడకి చేరేశాడు. తెల్లగా, అద్దంలా మెరుస్తోంది. ఆసుపత్రికి వెళ్ళే ముందు దుర్గారావు నమూనాకి తెచ్చిపెట్టినది.

"ఇల్లంతా ఇదే ఎయ్యాలన్నాడు అన్నయ్య. నాతోనూ అమ్మతోనూ ఎన్నిసార్లు సెప్పేడో. ఇది మనం మార్సకూడదు వదినా."

చిట్టమ్మ చెయ్యి కడుక్కుని, కొంగుకి తుడుచుకుని, ఆ టైలు మీద అరచెయ్యి ఆనించింది. తీయడానికి చాలాసేపు పట్టింది.

"బావుంది," అంది. "నా కొడుకు ఏరింది కదా. ఇదే ఎయ్యండి." తర్వాత సంచి సర్దుకుంది. "పొద్దుండగా భీమిలి ఎల్లిపోవాల. తోవలో ఆ టైల్సు సాపుకాడ దిగి సెప్పీసి పోదాం."

అనూరాధ వాళ్ళ వెనకే ఆటోలో వెళ్ళింది.

టైల్స్ షాపు పెందుర్తి రోడ్డు మీదే ఉంది. యజమాని సన్యాసిరాజు ఎదురొచ్చి కుర్చీలు వేయించాడు. షాపు నేలంతా దుర్గారావు ఎంచిన ఆ తెల్ల టైలే. అప్పుడే తడిగుడ్డ పెట్టినట్టున్నారు, పైన దీపాలు కింద కూడా వెలుగుతున్నాయి. చిట్టమ్మ చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చింది. రెండడుగులు వేసి ఆగింది. పక్కనున్న టైల్స్ స్టాండు పట్టుకుంది. అది వదిలి ఇంకో స్టాండు పట్టుకుంది.

హార్బరులో ఐసు కరిగి, పొలుసులు పేరుకున్న తడిగట్టు మీద నెత్తిన గంపతో పరుగులాంటి నడక నడిచిన మనిషి ఆమె. ఆ మనిషి ఇక్కడ వేళ్ళు ముడుచుకుని, నడక నేర్చుకునే పిల్లలా అడుగు తీసి అడుగు వేస్తోంది. అదేమీ లేనట్టు మొహం మాత్రం నిబ్బరంగా పెట్టుకుంది.

అనూరాధకు అంతా అర్థమైంది. పోయిన కొడుకు ముచ్చటపడి ఎంచిన దాన్ని వద్దనడానికి ఆ తల్లికి నోరు రాదు. దాని మీద బతకడానికి కాళ్ళు ఒప్పుకోవు. నోరు విప్పే కన్నా భీమిలిలో ఉండిపోవడమే మేలనుకుంది.

"రాజుగారూ, ఒక బకెట్టుతో నీళ్ళు తెప్పించండి," అంది అనూరాధ.

"నీళ్ళా? తాగడానికా మేడమ్?"

"నేల మీద పొయ్యడానికి. అత్తా, కత్తిపీట తియ్యి."

చిట్టమ్మ సంచిని గుండెలకి హత్తుకుంది. "ఏటే, మతిగాని పోయిందా? నలుగురూ సూత్తన్నారు."

"చూడనీ. రేపు ఇలాంటి నేల మీద చేప కొయ్యాల్సింది నువ్వే, వాళ్ళు కాదు. కూర్చో."

బడిలో వెనకబెంచీ పిల్లల్ని కూర్చోబెట్టే గొంతు అది. చిట్టమ్మ గొణుక్కుంటూనే కూర్చుంది. సన్యాసిరాజు స్వయంగా నీళ్ళు చిలకరించాడు. చిట్టమ్మ పీట మీద కాలు వేసి, చేతిలో చేప ఉన్నట్టు ముందుకి వంగి లాగింది. పీట సర్రున ముందుకి జారింది. దాంతోపాటు ఆమె కూడా కదిలింది. తిరుమలరావు "అమ్మా!" అని జబ్బ పట్టుకున్నాడు.

"ఏటీ అవలేదు. అలవాటైపోతాదిలే," అంది చిట్టమ్మ, కొడుకు చెయ్యి విదిలించుకుంటూ.

"చెయ్యి తెగాక అలవాటవుతుందా?" అంది అనూరాధ.

"వదినా, వంటింట్లో ఒక గోనిపట్టా ఎయ్యండి, సరిపోద్ది. అన్నయ్య కోరిక..."

"తిరుమలా, నువ్వు కాసేపు ఊరుకో." ఆమె అత్త ఎదురుగా అదే తడినేల మీద కూర్చుంది. "అత్తా, మీ అబ్బాయి ఇక్కడ నిలబడి, నాకు ఇదే కావాలని మంకుపట్టు పడితే నువ్వేమందువు?"

ఏడాదిగా చిట్టమ్మ పెద్దకొడుకు పేరు ఎత్తినప్పుడల్లా పటం ముందు నిలబడినట్టు మెల్లగా, మంచిమాటలే చెబుతూ వచ్చింది.

"చెప్పు. సరేనని ఊరుకుందువా?"

"ఊరుకుందునేటి!" చిట్టమ్మ గొంతు ఒక్కసారిగా హార్బరు గొంతయింది. "ఒరే గుంటా, నీకు బుర్రుందేట్రా అని అడుగుదును. ఆయితారం వత్తే సాలు, సంచీడు సేపలు నా ముందు పడీసి, అమ్మా బేగి కొయ్యి అనీసి టీవీకాడికి ఎల్లిపోతాడు. కూకునేది నాను, కోసేది నాను. ఈ అద్దం మీద నా కాలు నిలుత్తాదా, నా పీట నిలుత్తాదా? వంటిల్లనుకున్నాడా, పెళ్ళిమండపం అనుకున్నాడా! తెల్లటిదట, తెల్లటిది. నెత్తురు సుక్క పడితే వీధి సివర్నుంచి అవుపిత్తాది. ఆడికేటి తెల్సు, ఎదవకి!"

చిట్టమ్మ చెంపలు తడిశాయి. ఆమె తుడుచుకోలేదు.

"ఇలగ తిడితే నవ్వీవోడు," అంది.

"నవ్వి, నీకు నచ్చిందే తెచ్చేవాడు," అంది అనూరాధ.

"అట్టుకురాడా మరి? తేకపోతే అన్నం ఎవులెడతారు?"

తిరుమలరావు గోడవైపు తిరిగి టైల్స్ చూస్తున్నట్టు నిలబడ్డాడు. అనూరాధ లేచి తడి చీర దులుపుకుంది. ఆ తర్వాత చెప్పాల్సింది చకచకా చెప్పేసింది.

"రాజుగారూ, ఈ తెల్ల టైలు మాకు కావాలి. నేలకి కాదు, వంటింటి గోడలకి. నూనె చిందితే ఒక్క తుడుపుకి పోతుంది, ఉత్తరపు గది కదా, వెలుతురూ వస్తుంది. పడగ్గదుల్లో చెక్కరంగువి వెయ్యండి, మెరుపు లేనివి. హాల్లో మీ దగ్గర సగం మెరుపువి ఉన్నాయే, అవి చాలు. వంటింటి నేలకి మాత్రం మా అత్త కాలు ఏది ఒప్పుకుంటే అది."

సన్యాసిరాజు గరుకు టైల్స్ ఒక్కొక్కటీ తెప్పించి పరిచాడు. చిట్టమ్మ ఒకదాని మీద నీళ్ళు పోయించి కాలితో రాసింది. "ఇది మరీ గరుకు. పొలుసు ఇరుక్కుంతాది, గీకలేం." ఇంకోదాని మీద కూర్చుంది. "ఇది బావుంది గాని, మట్టి రంగు. తుడిసేనో లేదో నాకే తెలీదు." సన్యాసిరాజు మూడోది కాస్త ఖరీదైనదని నసిగితే, "మాకు ఖరీదు సెప్పకు, సరుకు సూపించు," అని గదమాయించింది. చివరికి బూడిదరంగు టైలు మీద పీట వేసి, కాలితో తొక్కి, ఎంత బలంగా లాగినా కదలకపోయేసరికి ఇంకో రెండుసార్లు లాగి చూసింది.

"ఇది," అంది.

బయటికి వచ్చేసరికి ఎండ వాలింది. తిరుమలరావు బండి స్టార్టు చేశాడు. "రా అమ్మా, ఎల్లిపోదాం. సీకటడిపోద్ది."

చిట్టమ్మ కదల్లేదు. "ఈ రాజుగారు సరుకు ఎప్పుడు దింపుతాడు?"

"రేపు పొద్దున్నే అన్నారు," అంది అనూరాధ.

"అయితే నువ్వెల్రా. రేపు మేస్త్రీతో నాను మాటాడాల. వంటింటి నేలకి వాలు ఎటెట్టాలో ఆడికేటి తెల్సు?"

"బట్టలు తేలేదు కదే?"

"దీనికి సీరలు లేవేటి? నువ్వు బుధవారం ఆ నా బట్టలపెట్టి అట్టుకొచ్చీ. ఇంకోటి, గూట్లో నా మందులున్నాయి, మర్సిపోకు."

తిరుమలరావు వదినగారి మొహం చూశాడు. ఆమె ఆటో కోసం రోడ్డు వైపు చూస్తోంది. అతను భీమిలి దారి పట్టాడు.

పోర్టు పక్క అద్దింటికి వెళ్ళే ఆటోలో కూర్చున్నాక చిట్టమ్మ అంది, "నీళ్ళు ఎనక గుమ్మం వైపు పోవాల."

"వెనక్కి వాలు పెడితే తూర్పు గోడ చెమ్మెక్కుతుందత్తా. పక్కకి పెట్టిద్దాం."

"నా గది గోడ. సెమ్మెక్కితే నాకెక్కుతాది, నీకేటి? పక్కకెడితే గట్టుకింద మురుగు నిలుత్తాది."

"నిలవదు. నేను కొలిచాను."

"కొల్సిందట! నీ లెక్కలు బడిలో సెప్పుకో. నీళ్ళకి లెక్కలొచ్చేటి?"

"నీళ్ళకే బాగా వచ్చు. పల్లం ఎటుంటే అటు పోతాయి."

"అదే నానూ సెప్తన్నాను!"

ఆటో గోపాలపట్నం దాటింది. వెనక గుమ్మమా, పక్కగోడా అన్నది ఇంకా తేలలేదు. డ్రైవరు అద్దంలోంచి ఇద్దర్నీ చూసి, "మరి ముందు వైపుకి ఎట్టించకూడదేటమ్మా?" అన్నాడు.

"నువ్వు బండి సూసుకో నాయనా," అన్నారు ఇద్దరూ ఒకేసారి.