సొరచేప కన్నా ఉడుత నయమని

మా నిఖితకు ఒకేసారి రెండు కొలువులు వచ్చాయి. ఒకటి రత్నగిరి రేవులో సొరచేపల లెక్క తీసే పని. రెండోది ఏటపల్లి అడవిలో శేకరుల లెక్క. శేకరంటే చెట్ల మీదుండే పెద్ద ఉడుత. మా ఊరు సిరొంచలో పిల్లలంతా బ్యాంకుల్లో, బడుల్లో చేరుతుంటే నా బిడ్డను మాత్రం జంతువులు పిలిచి మరీ ఉద్యోగమిచ్చాయి.

ఏడో తరగతితో ఆగినదాన్నే అయినా, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడడం నాకు రాదా? సొరచేపకు వరసలు వరసలుగా పళ్లు. ఉడుతకు ముందు పళ్లే, అవీ కాయలు కొరకడానికి. నిఖితకు ఈత రాదు. ప్రాణహితలో మోకాలి లోతుకు కూడా నేనే దిగనివ్వలేదు. పైగా శేకరు మా మరాఠీ రాష్ట్రానికి రాష్ట్ర జంతువు. సర్కారుది కాబట్టి పద్ధతిగానే ఉంటుంది.

మా ఆయన భీమ్‌రావు ఇదంతా విని, పిల్లేమైనా సొరచేపతో కాపురానికి పోతుందా అని అడిగి టీవీ వైపు తిరిగాడు. మా ఇంటికి రావలసిన ధైర్యమంతా ఆయన వాటాకే వచ్చింది. నేను అన్నం మానేశాను. రెండో పూటకే నిఖిత ఉడుతకు ఒప్పుకుంది. రోజూ సాయంత్రం ఫోన్ చెయ్యాలని, లేకుంటే బస్సెక్కి వచ్చేస్తానని షరతు పెట్టి పంపాను.

మాట తప్పలేదు. రోజూ చేసేది. వెనక గాలి హోరు వినిపించేది. అడవి కదా అనుకున్నాను. మొన్న మాట్లాడుతూనే, అక్కడ వాళ్లకు వండిపెట్టే సోనుబాయిని తాడు గట్టిగా పట్టుకోమంది.

"తాడేంది?" అన్నాను.

చెట్టు మీదున్నానని నసిగి నసిగి చెప్పింది. శేకరులను కిందినుంచే దుర్బిణీతో చూస్తారట. చెట్టెక్కే పనే లేదట.

"మరి ఎందుకెక్కినవ్?"

"కింద సిగ్నల్ రాదే అమ్మా. నీకు ఫోన్ చేసేతందుకే ఎక్కుతున్న. రోజూ."

సొరచేపల సంగతీ అప్పుడే బయటపడింది. సముద్రంలో దిగేదేమీ లేదట. పడవలు తెచ్చిన చచ్చిన చేపలను ఒడ్డున టేపుతో కొలవడమేనట. రేవంతా సిగ్నలేనట.

"నువ్వు బువ్వ మానేసి కూసుంటివి. ఎట్ల చెప్పాలె?"

ఇక ఫోన్ చెయ్యొద్దని చెబితే పిల్ల నేల మీదుంటుందని మా ఆయన అన్నాడు. న్యాయమైన మాటే; ఆయన నోట అరుదు. చెబుదామనే ఫోన్ నోటి దగ్గరికి పెట్టుకున్నాను. అంతలో మోగని ఫోను, ఎలుగుబంటి, పాము, జ్వరం అన్నీ వరసగా కళ్ల ముందుకొచ్చాయి.

"బిడ్డా," అన్నాను, "ఆడ ఇంకో జర పొట్టి చెట్టు లేదా?"