కుందా మీద ఆఖరి కోత

రాయపూర్ రైల్వే కార్ఖానాలో కొయ్యపని చేసే దానయ్యకు ముప్పై ఏళ్లలో రైలుపెట్టెల చెక్క ఒక్కటి కూడా పొట్టిగా కోయలేదన్న పేరుంది. మెచ్చుకోవడానికి తొందరపడకండి. ఆయన ఏ చెక్కనూ సరైన కొలతకు కోసిందీ లేదు. అక్కడి పద్ధతి అలాంటిది. తలుపైనా బెర్తు పలకైనా వడ్రంగి అర అంగుళం ఎక్కువ ఉంచి ఇస్తాడు. పెట్టెలో బిగించేటప్పుడు పెద్దమేస్త్రీ వచ్చి ఆ ఎక్కువ కాస్తా కోసి, సరిపెట్టి, మీసం దువ్వుకుంటాడు. ఆ ముప్పై ఏళ్లకు ముందు, చేరిన కొత్తలో, ఒక్కసారి దానయ్య తెగించి తానే కోస్తే తలుపు పొట్టిదైంది. నలభై మంది ముందు చీవాట్లు తిన్నాడు. అప్పటినుంచి ఆఖరి కోత అంటే చాలు, ఆయన చెయ్యి వెనక్కి పోతుంది.

ఈయనగారి కూతురు వరహాలమ్మ రైల్వే ఆసుపత్రిలో నర్సు. పోయిన ఏడు, అంటే 1953లో, రైఫిల్ క్లబ్బువాళ్లు ఆడవాళ్లనూ చేర్చుకుంటామనగానే మొదట పేరిచ్చింది ఈ పిల్లే. తల్లి పైడమ్మ నెత్తీ నోరూ బాదుకుంది.

"సూది పొడిసే సేత్తో తుపాకీ ఏటే? నలుగురూ ఏటనుకుంతారు?"

"రెండిటికీ చెయ్యి వణక్కూడదే అమ్మా" అని నవ్వేసి వెళ్లిపోయింది వరహాలమ్మ.

గురి బాగానే కుదిరింది. కానీ నూటికి ఎనభై ఆరు దగ్గర ఆగిపోయింది, ఎంత మొత్తుకున్నా కదల్లేదు. నాగపూర్ పోటీకి వెళ్లే నలుగురిలో ముగ్గురు తేలిపోయారు. నాలుగోచోటు కావాలంటే ఆదివారం పరీక్షలో పది గుళ్లకు తొంభై తెచ్చుకోవాలి. వరహాలమ్మకు ఆ చోటు మీదే ప్రాణం.

క్లబ్బులో నేర్పేది భీమారావు. పటాలంలో హవల్దారుగా చేసి వచ్చిన మనిషి. ఎనభై ఆరు ఎందుకు దాటడం లేదో ఆయనే కనిపెట్టాడు. తప్పు పిల్లది కాదు, కుందాది. తుపాకీ గొట్టాన్ని మోస్తూ, వెనకభాగం భుజానికి ఆనే కొయ్యను ఆ ఊళ్లో కుందా అంటారు. క్లబ్బు కుందా ఆరడుగుల జవానుకు చేసింది. వరహాలమ్మ మెడ సాచి దాన్ని అందుకునేది. మెడ సాచినప్పుడల్లా బుగ్గ ఒక్కోచోట ఆనేది, గుళ్లు తలో దిక్కూ పోయేవి.

"నాన్నా, నాకో కుందా చెయ్యవూ?" అని అడిగింది కూతురు.

దానయ్యకు అంతకంటే ఏం కావాలి! తిల్దా అడితి నుంచి నాణ్యమైన బీజా కర్ర తెచ్చాడు. కూతుర్ని నిలబెట్టి మోచేతి మడత నుంచి చూపుడువేలి దాకా మూడుసార్లు కొలిచాడు. మూడు వారాలు, డ్యూటీ దిగాక క్వార్టరు వరండాలో కూచుని చెక్కాడు. చారులో చిత్రిక పొట్టు తేలుతోందని పైడమ్మ సణిగింది. ఆయన ఆ పొట్టు వేలితో తీసేసి చారు తాగాడు. ఆ మూడు వారాలూ ఆయన ఎంత సంతోషంగా ఉన్నాడో చెప్పలేను.

శనివారం మధ్యాహ్నం మైదానంలో భీమారావు బల్ల మీద మూడు కుందాలు వరసగా పెట్టాడు.

"పొద్దుగూకేలోపల ఏది కావాలో సెప్పీయమ్మా. పేరు రాసుకున్నాక మరి మార్సను. రూలంటే రూలే."

మొదటిది క్లబ్బుది. రెండోది ఎవరో దొర వదిలిపోయిన అఖ్రోట్ కర్ర కుందా. పట్టులా మెరుస్తూ ఉంది. చూడవచ్చిన వాళ్లంతా "యహీ లే లో, బేటీ" అంటూ దాన్నే సిఫారసు చేశారు. మూడోది దానయ్యది.

వరహాలమ్మ దొర కుందా తుపాకీకి బిగించి, చాప మీద బోర్లా పడుకుని చూసింది. చెంప ఆనేచోటు మరీ ఎత్తు. కన్ను గురిముల్లుకు పైకి లేచిపోతోంది. అందం ఏం చేసుకోను అని పక్కన పెట్టేసింది. తండ్రి చేసింది బిగించింది. బుగ్గ ఆనించగానే మొహం విప్పారింది. కన్ను దానంతట అదే గురికి వచ్చింది. అప్పుడు గుండు పేల్చే మీట కోసం వేలు చాపింది.

వేలు అందలేదు. కొనగోరు తగులుతోంది, అంతే.

భీమారావు కుందా తీసి టేపు పెట్టాడు. "దానయ్యన్నా, అర అంగుళం ఎక్కువుందేటి? ఎవులి సెయ్యి కొలిసినావు?"

"మా అమ్మాయిదే. కొలత సరిగ్గానే ఉంది బాబూ."

"మరి ఈ అర అంగుళం?"

"అది... బిగించినప్పుడు కోసుకుంతారని."

"ఎవులు కోసుకుంతారు?"

దానయ్య అటూ ఇటూ చూశాడు. ఇక్కడ పెద్దమేస్త్రీ ఎక్కడినుంచి వస్తాడు? భీమారావు ఘొల్లున నవ్వాడు. దానయ్య కూడా నవ్వబోయాడు గానీ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"నువ్వే కోసీ నాన్నా. రంపం తెచ్చేవు కదా."

"సోమారం మేస్త్రీకి సూపిత్తానమ్మా."

"పరీక్ష రేపు!"

"పొట్టిదైపోతే? మూడు వారాల పని. నీ సోటు పోద్దే తల్లీ. పోన్లే, క్లబ్బుదే తీసుకో."

వరహాలమ్మకు కోపం వచ్చింది. "ఎనభై ఆరుతో ఇంటికొచ్చీమంటావా?"

దానయ్య సంచిలోంచి రంపం తీసి బల్ల మీద పెట్టాడు. కుందాను బల్ల అంచున పెట్టి, కొలిచి, వెనకకొసన సుద్దతో గీత గీశాడు. గీసినవాడు ఊరుకోక, అలవాటు చొప్పున కాస్త ఎక్కువ మిగిలేలా దానికి అవతల ఇంకో గీత గీశాడు. వరహాలమ్మ చూసింది. చీరకొంగు తడిపి ఆ రెండోగీత తుడిచేసింది.

"నాకు ఏ మేస్త్రీ ఒద్దు. నాకు నువ్వు చాలు" అంది.

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. భుజంతో తుడుచుకుని రంపం అందుకున్నాడు. మొదటి రెండు లాగులూ కర్రను గీరి వదిలేశాయి. మూడోలాగుకు ముప్పై ఏళ్ల పనితనం దారికొచ్చింది. ముక్క తెగి గడ్డిలో పడింది. వరహాలమ్మ కుందాను తుపాకీకి బిగించి, మోచేతి మడతలో ఆనించి వేలు చాపింది. వేలు మీట మీద ఒదిగి కూచుంది.

"ఇదే రాసుకోండి, మాస్టారూ" అంది.

ఆదివారం పొద్దున్న దానయ్య మైదానం వైపు చూడలేక, వీపు తిప్పి నీళ్ల పంపు దగ్గర కూచుని చప్పుళ్లు లెక్కపెట్టాడు. తొమ్మిది అయ్యాయి. పదోది ఎంతకీ రాదు. పొట్టిగా కోసేశాను, పిల్ల నోట్లో మట్టి కొట్టాను అనుకున్నాడు. అప్పుడు పదోది పేలింది.

భీమారావు గురికాగితం పట్టుకుని పరుగులాంటి నడకతో వచ్చాడు. "తొంభై రెండన్నా! నాలుగోసోటు మనదే!"

వెనకాలే వరహాలమ్మ వచ్చి తండ్రి రెండు చేతులూ పట్టుకుంది. "ఆఖరి గుండుకి భయమేసి కాసేపు ఊరికే పడుకున్నాను నాన్నా. బుగ్గ కదల్లేదు. వేలు కదల్లేదు. మళ్లీ సర్దుకోవాల్సిన పనే లేకపోయింది."

జనం చుట్టూ మూగి కుందాను తిప్పి తిప్పి చూశారు. అఖ్రోట్ కుందాను సిఫారసు చేసిన పెద్దమనిషే, దీన్ని ఏ కలకత్తా కంపెనీ చేసిందని అడిగాడు.

"నానే సేసేను" అన్నాడు దానయ్య. అది చాలలేదాయనకు. గొంతు పెంచాడు. "ఆఖరి కోత కూడా నానే కోసేను!"

అందులో అంత గొప్పేముందో ఎవరికీ బోధపడలేదు. కూతురికి తెలుసు, అది చాలు. ఇంటికి వెళ్తూ తెలుగు ముక్క రాని రిక్షావాడితో కూడా తన రైల్వే హిందీలో అదే మాట, "ఆఖ్రీ బార్ హమ్ కాటా, భాయీ, హమ్!" అని చెప్పాడు. వాడు ఏమర్థం చేసుకున్నాడో గాని, చాలా మంచి పని చేశావన్నట్టు తలూపి, "బహుత్ అచ్ఛా కియా, బాబా" అన్నాడు.