చిన్నది ముందు

అక్క పోయి నెల తిరక్కముందే, ఆమె రాసిన కోడ్ లైబ్రరీని తీసేసే పని చెల్లెలి మీద పడింది. ఇద్దరిదీ ఒకటే ఆఫీసు. దాని తలాతోకా ఇంకెవరికీ తెలియదు మరి.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని పడుకోబెట్టే వెచ్చని పెట్టెలు తయారుచేసే కంపెనీ అది. పెట్టెలోని సెన్సర్ ఇచ్చే వోల్టేజీని ఒక బహుపదిలో వేసి లెక్కగడితే ఉష్ణోగ్రత తేలుతుంది. అక్క లైబ్రరీ గుప్పెడంత. గుణకాలు, వోల్టేజీ ఇస్తే జవాబు చెబుతుంది, అంతకు మించి వేలు పెట్టదు.

"చూసుకునే మనిషి లేనిది మన దగ్గర ఉండకూడదమ్మా. అందరూ వాడే పెద్ద లైబ్రరీ పెట్టేద్దాం," అన్నాడు మేనేజరు, ఎటో చూస్తూ.

"సరే సార్."

ఈమధ్య ఆమె నోట వచ్చే మాట అదొక్కటే. తినమంటే సరే, పడుకోమంటే సరే. కన్నీటి చుక్క రాలలేదు. రాతిగుండె అని చుట్టాలు చెవులు కొరుక్కున్నారు. ఆమెకూ అదే అనుమానం.

మధ్యాహ్నానికల్లా పని అయిపోయింది. పాత లైబ్రరీని పిలిచే చోటల్లా కొత్తదాన్ని పెట్టి, గుణకాల వరుసను ఉన్నదున్నట్టు దానికి అప్పగించింది. కాసేపటికి టెస్టింగాయన నవ్వుకుంటూ వచ్చాడు.

"ఏమ్మా, పెట్టె సలసల కాగుతోందని చూపిస్తోంది. పిల్లల్ని పడుకోబెడదామనా, ఉడకబెడదామనా?"

అందరూ నవ్వారు. ఆమె కూడా పెదాలు సాగదీసింది. తెర చూడగానే తప్పు తెలిసిపోయింది. పెద్ద లైబ్రరీ పెద్ద ఘాతం గుణకంతో మొదలుపెడుతుంది. అక్కది అన్నిటికన్నా చిన్న ఘాతమైన స్థిరపదంతో మొదలుపెడుతుంది. వరుస తలకిందులైంది, అంతే.

ఇది తెలియని సంగతా? దీని మీద అక్కతో ఎంత పోట్లాడిందని. అందరూ ఒకలా రాస్తే నువ్వొకలా రాస్తావేంటే అని విసుక్కుంటే, "పెద్దవాళ్ళు ఎలాగోలా తోసుకొస్తారే. చిన్నదాన్ని ముందు నిలబెట్టాలి," అనేది అక్క. ఇంట్లోనూ అదే తంతు. వేడినీళ్ళు మొదట చెల్లెలికి, బస్సులో కిటికీ పక్క సీటు చెల్లెలికి.

అలాంటిది ఇవాళ ఆ వరుసే గుర్తు రాలేదు. ఆమెకు భయమేసింది. అక్క పోయాక ఏదైనా అనిపించడం ఇదే మొదలు. ఇవాళ వరుస మరిచిపోయింది, రేపు గొంతు కూడా మరిచిపోతుంది.

వరుసను తిరగేయడానికి ఒక్క లైను చాలు. ఆ లైను రాయలేదు. మార్చిందంతా వెనక్కి తీసేసి మేనేజరు దగ్గరికి వెళ్ళింది.

"అక్క లైబ్రరీ ఉంచేద్దాం సార్. నేను చూసుకుంటాను."

ఆయన గడ్డం గోక్కున్నాడు. "మరి చూసుకునేవాళ్ళ చోట నీ పేరుండాలి."

"సరే సార్."

ఫైలు మొదట్లో అక్క పేరొక్కటే ఉంది. దాన్ని చెరపలేదు. పైన కాస్త చోటు చేసి తన పేరు కొట్టింది. వెనకే వచ్చిన మేనేజరు వంగి చూశాడు.

"కొత్తవాళ్ళ పేరు కింద కదమ్మా రావాలి?"

ఇందులో చిన్నవాళ్ళే ముందు సార్, అందామనుకుంది. నోరు తెరిచి, బల్ల అంచు పట్టుకుని వంగిపోయింది. మేనేజరు కంగారుగా కుర్చీ లాగి కూర్చోబెట్టాడు. ఆమె ఏడ్చింది, చిన్నపిల్లలా, వెక్కివెక్కి.

పెట్టె ఇప్పుడు సరిగ్గానే చూపిస్తోందని చెప్పడానికొచ్చిన టెస్టింగాయన, చెప్పకుండానే వెళ్ళిపోయాడు.